ఏడు హాలీలకు ఆరు కల్దార్లు

హాలీ గోపాల్ ఎవరినైనా కొట్టే ముందు ఎడమకాలి చెప్పు విడిచేవాడు. చెప్పుతో కొట్టడానికి కాదు, కాలు నేలకు గట్టిగా ఆనడానికి. ఆ చెప్పు విడిచాడంటే గడ్‌చాందూర్ బజారులో వంకాయలు అమ్మే ముసలమ్మలు కూడా గంపలు దగ్గరికి లాక్కునేవారు. ఒకసారి అతని దెబ్బకు ఓ లారీ క్లీనర్ పన్ను ఎగిరి చాయ్ బండి మీద మరుగుతున్న పాలలో పడింది. ఆ పాలతో కాచిన చాయ్ నేను తాగాను. రుచిలో తేడా ఏమీ లేదు. ఎనిమిదో తరగతిలో నేను బడి మానేశాను, ఆ నష్టం నుంచి బడి ఇంకా తేరుకోలేదంటారు. కాబట్టి మిగతా లెక్కల్లో నా మాట నమ్మకపోయినా ఫరవాలేదు గాని, దెబ్బల లెక్కలో మాత్రం నమ్మాలి.

గోపాల్‌కు కావలసింది ఒక్కటే. తనను ఎవరూ హాలీ అని పిలవకూడదు. నాన్న పేరు పెట్టి తిట్టినా నవ్వి ఊరుకునేవాడు. ఎత్తు తక్కువని, నలుపని, చదువు లేదని ఏమన్నా సరే. హాలీ అంటే మాత్రం చెప్పు విడిచేవాడు.

ఆ పేరు ఎట్లా వచ్చిందో చెబుతాను. వార్ధా నదికి ఇవతల రాజురా వైపంతా అప్పుడు నిజాం రాజ్యం. అవతల చాందా, అంటే ఇప్పటి చంద్రపూర్, తెల్లవాళ్ళది. గోపాల్ ముత్తవ్వ బాలమ్మకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు నది దాటి చాందా బొగ్గు బావుల్లో పనికి పోయాడు. చిన్నవాడు ఇవతలే ఉండి నిజాం భూమి దున్నాడు. పెద్దవాడు తెచ్చేది తెల్లవాళ్ళ రూపాయి. దాన్ని కల్దార్ అనేవారు. చిన్నవాడి చేతిలో ఆడేది నిజాం రూపాయి, హాలీ. సావుకారు దగ్గరికి పోతే ఆరు కల్దార్లకు ఏడు హాలీలు ఇచ్చేవాడు. బాలమ్మ చీర కొంగుకు ఈ కొసన ఒక ముడి, ఆ కొసన ఒక ముడి వేసి, ఇది నా కల్దార్ కొడుకుది, ఇది నా హాలీ కొడుకుది అనేదట. ముసలమ్మ ముద్దుగానే అని ఉంటుంది. కొడుకులకు ఆ ముద్దు అర్థం కాలేదు, మనుమలకు అసలే కాలేదు.

ఆ నాణేలు రెండూ పోయాయి. నిజాం పోయాడు, తెల్లవాళ్ళు పోయారు, నదికి రెండు వైపులా మహారాష్ట్ర అయింది. ఊళ్ళో మాత్రం కల్దారోళ్ళు, హాలోళ్ళు మిగిలారు. కల్దారోళ్ళ పొగరు ఎంతటిదంటే, కబడ్డీ ఆడేటప్పుడు హాలోళ్ళు ఏడుగురు దిగితే వాళ్ళు కావాలనే ఆరుగురు దిగేవారు. మాలో ఆరుగురు మీలో ఏడుగురికి సరి, అదే సర్కారు ధర అనేవారు. ఆట సగం కాకముందే కట్టెలు లేచేవి. గోపాల్ తండ్రికి కుడిచెవి వినబడకపోవడానికి ఆ కబడ్డీయే కారణం. గోపాల్‌కు తొమ్మిదేళ్ళప్పుడు, అతని వంతు వచ్చిన రోజున, కల్దారోళ్ళ పిల్లలు ఒక్కడిని తగ్గించి బరిలో నిలబడి పళ్ళు ఇకిలించారు. వాళ్ళలో అందరికన్నా పెద్దవాడు బాపయ్య. ఆ రోజు గోపాల్ మొదటిసారి చెప్పు విడిచాడు. బాపయ్య ముక్కు ఎముక అప్పటి నుంచి కొంచెం రాజురా వైపు తిరిగి ఉంటుంది.

పెద్దయ్యాక ఇద్దరూ గడ్‌చాందూర్ చేరారు. బాపయ్య హమాలీల ముఠాకు ముకద్దం అయ్యాడు. ఎవరికి ఏ పని ఇవ్వాలో అతనిదే మాట. చలికాలంలో పత్తి మిల్లులో బేళ్ళు మోయడం, వానాకాలంలో ఎరువుల గోదాములో బస్తాలు మోయడం. ముఠాలో నేనూ ఉన్నాను, అందరికన్నా బలమైన వాణ్ణి నేనే, ఎత్తడానికి ఇష్టం లేదు గనుక ఎవరికీ తెలియలేదు. గోపాల్ కూడా ఆ ముఠాలోనే చేరాడు. వరసకు అన్న గదా, పని ఇచ్చాడు. పని ఇచ్చి, ప్రతి పొద్దున ముఠాను పిలిచేటప్పుడు అందరి పేర్లూ పిలిచి చివరన, "ఇగ మా హాలీ ఒకడు" అనేవాడు. ముకద్దంను కొడితే పని పోతుంది. అందుకని గోపాల్ ఆ కోపం దాచుకుని సాయంత్రం ఇంకెవరి మీదనో తీర్చుకునేవాడు. నేను చెప్పిన లారీ క్లీనర్ అట్లా దొరికినవాడే.

తొంభై ఒకటి వానాకాలంలో కోపం దాచుకోవడం కుదరలేదు. గోదాము రేకుల కింద వాన ఆగేదాకా కూర్చున్నాం. ఎవరో రేడియో పెట్టారు. ప్రభుత్వం రూపాయి విలువ తగ్గించిందని వార్త. మాలో ఎవరికీ దాని సంగతి పట్టలేదు. బాపయ్యకు ఒక్కడికే పట్టింది. బీడీ వెలిగించుకుని గోపాల్ వైపు తిరిగాడు.

"ఇన్నవా తమ్మీ? దేశం రూపాయికి ఇలువ తగ్గిందట. ఢిల్లీ గూడ ఇగ మీ ఇంటిదే. గాళ్ళు గూడ హాలోళ్ళే."

ముఠా అంతా నవ్వింది. నవ్వు ఆగకముందే ఎడమకాలి చెప్పు వాననీళ్ళలో తేలుతూ పోయింది. గోపాల్ చేతికి గోడ వారన ఉన్న ఇటుక దొరికింది. మొదటి దెబ్బకు బాపయ్య మెడ దగ్గరి బొక్క విరిగింది, ఆ చప్పుడు వానలో కూడా వినబడింది. రెండో దెబ్బ తలకు పడవలసింది, నేను అడ్డం పోయి ఆపాను. ముఠాలోని పోశం కూడా కొంచెం సాయం చేశాడు, అది వేరే సంగతి. ఆరుగురం మీద పడి పట్టుకుంటే ఇద్దరిని విదిలించాడు, ఒకడి బొటనవేలు కొరికాడు. ఎరువు మూటల మీద నెత్తురు కలిసిన బురద. యూరియా గాయాల్లో పడి మంటకు బాపయ్య పెట్టిన కేకలు దగ్గరి పొలాల్లో కలుపు తీసే ఆడవాళ్ళకు వినిపించాయట.

దెబ్బలాటకు మామూలుగా నాలుగు తిట్లు, ఒక జరిమానా. గోపాల్‌కు అంతటితో పోయేదే. రోడ్డు మీది పోలీసు చౌకీకి తీసుకుపోయారు. అక్కడ రాసుకునే జమాదారు మరాఠీవాడు, కొత్తగా వచ్చినవాడు, హాలీ సంగతి, కల్దార్ సంగతి ఏమీ తెలియనివాడు. పేరడిగాడు. గోపాల్ అని మేమే చెప్పాం. జమాదారు తల ఎత్తకుండానే, ప్రతి నేరస్థుణ్ణీ ప్రతిరోజూ అడిగే ప్రశ్నే అడిగాడు.

"హల్లీ ముక్కాం కుఠే?"

మరాఠీలో దానికి అర్థం, ప్రస్తుతం ఉండేది ఎక్కడ అని. కాగితం మీద అట్లాగే రాస్తారు, అట్లాగే అడుగుతారు. గోపాల్ బళ్ళో మరాఠీ చదివినవాడే, మామూలు రోజున అయితే తెలిసేది. ఆ రోజు అతని చెవిలో మొదటి మాట ఒక్కటే పడింది. పోలీసు కూడా తనను ఆ పేరుతోనే పిలిచాడనుకున్నాడు. అతనికి విడవడానికి చెప్పు కూడా లేదు. బల్ల మీదుగా వంగి జమాదారు దవడ మీద కొట్టాడు. జమాదారు కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. ఆ తర్వాత గోపాల్‌కు జరిగింది నేను చూడలేదు, బయట నిలబడి విన్నాను. రెండు లాఠీలు మాత్రం విరిగిన చప్పుడు వచ్చింది. అతని భార్య దుర్గమ్మ చౌకీ గడపలో కూర్చుని మట్టిబెడ్డలు చిదుముతూ ఉంది.

డ్యూటీలో ఉన్నవాడిని కొట్టినందుకు చంద్రపూర్ జైలు. అది పాత కోట లోపల ఉంటుంది. అక్కడ అతని పక్క చాప అనంతరావుది. రాజురాలో ఒక వకీలు దగ్గర ముప్పై ఏళ్ళు ఉర్దూ కాగితాలు రాసిన ముసలాయన, పొలం గట్టు తగాదాలో తమ్ముడి కొడుకును గడ్డపారతో పొడిచి వచ్చాడు. జైల్లో కూడా గోపాల్ రెండు వారాల్లో ఇద్దరిని కొట్టాడు. మూడోవాడి మీదికి పోబోతుంటే ముసలాయన ఎందుకని అడిగాడు. గోపాల్ తన పేరు సంగతి చెప్పాడు. అనంతరావు అంతసేపూ విని, గడ్డం గోక్కుని నవ్వడం మొదలుపెట్టాడు. గోపాల్ ముసలాయన గొంతు పట్టుకున్నాడు. గొంతు అతని చేతిలో ఉండగానే ముసలాయన చెప్పాడట.

"ఇడువు, ఇడిస్తే చెప్త. హాల్ అంటే ఇప్పుడు. హాలీ అంటే ఇప్పుడు నడిచేది. ఆ రూపాయి పూరా పేరు హాలీ సిక్కా, సిక్కా అంటే ముద్ర. పాత ముద్రల బిళ్ళలన్ని మూలకు వడ్డంక, ఇగ చెల్లేది గిదొక్కటే అని పెట్టిన పేరురా అది. తక్కువని ఎవడన్నడు? ఆ జమాదారు అడిగింది గూడ గదే మాట. హల్లీ అన్నా హాలీ అన్నా ఒక్క తల్లి పిల్లలే."

గోపాల్ గొంతు విడిచాడు. మరి ఏడుకు ఆరెందుకు ఇచ్చేవారని అడిగాడు. దాంట్లో వెండి తక్కువ, పేరులో కాదని ముసలాయన చెప్పాడు. రూపాయి మాట కూడా అంతేననీ, రూపు గుద్దిన వెండి గనుక రూపాయి అయిందనీ, ఇప్పుడు అందులో వెండి ఏదీ, పేరే మిగిలిందనీ చెప్పాడు. గోపాల్‌కు ఆ సంగతి అక్కర్లేదు. అతను అడిగింది ఇంకొకటి.

"మరి కల్దార్ అంటేంది?"

"కల్ అంటే మిషను. మిషన్ల గుద్దిన బిళ్ళ. మన దగ్గర అప్పట్ల మనిషి సుత్తె పట్టి కొట్టేటోడు. వాళ్ళది మిషన్ల పుట్టింది."

ఆ మాట విని గోపాల్ నవ్విన నవ్వుకు కోట గోడలో ఉన్న పావురాలన్నీ లేచి నది దాకా పోయి వచ్చాయని జైలు నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. ముసలాయన భయపడ్డాడట. ఇది తిట్టు కాదురా, ఉత్త మాటకు అర్థం అని రెండు మూడుసార్లు చెప్పాడట. గోపాల్ వినలేదు. అతనికి జైల్లో ఒక ఆయుధం దొరికింది, మిగతా ఖైదీలకు దొరికేది బీడీ ముక్కలే.

తిరిగి వచ్చిన గోపాల్ కొత్త గోపాల్. బస్సు దిగగానే ఎదురుపడ్డాను. దెబ్బలు తిని తిని బుద్ధి వచ్చినవాణ్ణి గనుక మర్యాదగా, గోపాలన్నా బాగున్నవా అన్నాను. చెంప మీద కొట్టాడు. నా పేరేంది అన్నాడు. గోపాల్ అన్నాను. రెండో చెంప. నా పేరు హాలీ, హాలీ అంటే ఇప్పుడు నడిచేటోడు అన్నాడు. ఆ వారంలో బజారులో హాలీ అని పిలవనందుకు నలుగురి మూతులు పగిలాయి. పిలిస్తే కొడతాడని ఇరవై ఏళ్ళుగా నాలుక కట్టేసుకున్నవాళ్ళకు ఒక్కరోజులో విప్పడం ఎట్లా వస్తుంది? దుర్గమ్మ ఒక సాయంత్రం అన్నం పెడుతూ అడిగింది.

"పిలిస్తే గూడ కొడ్తివి, పిలువకుంటె గూడ కొడ్తివి. మంది నోర్లు కుట్టుకోవాల్నా ఏంది? నేనైతె ఎన్నడు నీ పేరే ఎత్తలే, నన్నేం జేస్తవో జెయ్యి."

ఆమెను అతను ఎన్నడూ కొట్టలేదు. పెళ్ళైన కొత్తలో ఒకసారి చెయ్యి ఎత్తితే ఆమె జొన్నరొట్టె పెనం విసిరింది. అతని నుదుటి మీద గుండ్రటి గుర్తు దానిదే.

అందరూ నేర్చుకున్నారు. కొద్దిరోజుల్లో పిల్లలు కూడా హాలీ కాకా అనసాగారు. ఒక్క బాపయ్యే అనలేదు. గోపాల్‌కు ఇక మిగిలింది అదొక్కటే. ముఠా ముందు నిలబడి బాపయ్య తనను హాలీ అని పిలవాలి, నవ్వకుండా పిలవాలి. దానికోసమే మళ్ళీ ఆ ముఠాలో చేరాడు. అతికిన బొక్క వంకరగా ఉన్న బాపయ్య, కేసు పెట్టకుండా, పంచాయతీ పెట్టకుండా మళ్ళీ పని ఇచ్చాడు. ఎందుకిచ్చాడో ఆ మరునాడు తెలిసింది. పొద్దున అందరి పేర్లూ పిలిచాడు. గోపాల్ వంతు వచ్చేసరికి పిలవలేదు. బేళ్ళు లాగే ఇనుప కొక్కెంతో గాలిలో అతని వైపు చూపించాడు, పశువును చూపినట్టు. రోజూ అంతే. ముప్పై ఏళ్ళు తిట్టుగా వాడిన మాటను, అది గౌరవమని తెలిసిన రోజు నుంచి నోట్లో పెట్టుకోలేదు. ఇంత తెలివి కల్దారోళ్ళకు ఎక్కడిదని నేనే ఆశ్చర్యపోయాను. గోపాల్ రోజూ పళ్ళు కొరికి బేలు ఎత్తేవాడు, రోజూ ఎవరో ఒకరు సాయంత్రం నెత్తురు కక్కేవారు.

రెండేళ్ళకు మిల్లు చేతులు మారింది. కొత్త యజమాని బయటి నుంచి మిషన్లు తెప్పించాడు. పెద్ద గొట్టం ఒకటి పత్తి కుప్పను ఏనుగులా పీల్చి నేరుగా గింజ తీసే రంపాల్లోకి పోస్తుంది. పత్తి గంపలు మోసే పని పోయింది. ముఠాలో సగం మందే చాలు, ఎవరు ఉండాలో నువ్వే చెప్పు అని యజమాని బాపయ్యకు వదిలేశాడు. ఆ పొద్దున మేమంతా మిల్లులో నిలబడ్డాం. రంపాలు తిరుగుతున్నాయి, అరిస్తే గాని మాట వినబడదు. బాపయ్య ఉండవలసినవాళ్ళ పేర్లు పిలిచాడు. నా పేరు పిలవలేదు, అసూయ. ఆఖరి పేరు పిలిచాక కొక్కెం భుజాన వేసుకున్నాడు. గోపాల్ వైపు కొక్కెం కూడా చూపలేదు.

గోపాల్ చెప్పు విడవలేదు. అప్పుడే నాకు భయం వేసింది. నెమ్మదిగా దగ్గరికి పోయి, మిషను చప్పుడును మించి అరిచాడు.

"కల్ అంటే ఏందో ఎర్కేనా అన్నా? కల్ అంటే మిషను. కల్దార్ అంటే మిషన్ల పుట్టినోడు. ఇగో, నీ అయ్య అచ్చిండు. మందిని బుక్కుతుండు. కాళ్ళు మొక్కు."

బాపయ్య కొక్కెం తిప్పి కొట్టాడు. ఇనుప మొన గోపాల్ నోటి కొసన దిగి చెంపను చెవి దాకా చీల్చింది. లోపలి పళ్ళు మాకు బయటి నుంచి కనబడ్డాయి. మరొకడైతే పడిపోయేవాడు. గోపాల్ ఆ కొక్కేన్ని పట్టుకునే బాపయ్యను ముందుకు లాగాడు, మోకాలితో కడుపులో కుమ్మాడు, అతికిన బొక్క మీదే మళ్ళీ గుద్దాడు. ఇద్దరూ పత్తి కుప్పలో పడి దొర్లారు. పట్టుకోబోయిన పోశం మోచెయ్యి మెలి తిరిగింది. చివరికి గోపాల్ బాపయ్య మెడ మీద మోకాలు పెట్టి, అతని కుడిచెయ్యి మణికట్టు దగ్గర పట్టి రంపాల నోటి దగ్గరికి తెచ్చాడు. రంపాల గాలికి బాపయ్య చొక్కా చెయ్యి ఎగురుతూ ఉంది. మిషను ఆపమని ఎవరో అరిచారు, ఆపే మీట ఎక్కడుందో మాలో ఎవరికీ తెలియదు, అది వచ్చి నాలుగు రోజులే అయింది.

"పిలువు," అన్నాడు గోపాల్. చీలిన చెంపలోంచి మాటతోపాటు నెత్తురు చిమ్మింది.

బాపయ్య అతని కళ్ళలోకి చూశాడు.

"ఏమని పిలువాలె? నీకు పేరుంటె గద."

గోపాల్ చెయ్యి తోశాడు.

మూడు వేళ్ళు పోయాయి. రంపాలు ఒక్కసారి గొంతు మార్చి మళ్ళీ మామూలుగా తిరిగాయి. అవతలి వైపు తెల్ల పత్తి ఎర్రగా బయటికి వచ్చింది. యజమాని మనిషి పరుగున వచ్చి ముందు ఆ పత్తిని వేరు చేయమన్నాడు, తర్వాత మనుషుల వైపు చూశాడు.

ఒకే ట్రాక్టర్‌లో ఇద్దరినీ చంద్రపూర్ తీసుకుపోయాం. వార్ధా వంతెన మీద గుంతలకు ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడుతూ, పడినప్పుడల్లా మిగిలిన చేతులతో కొట్టుకుంటూనే ఉన్నారు. దుర్గమ్మ మధ్యలో కూర్చుని కొంగు ఒకసారి మొగుడి చెంపకు, ఒకసారి బావ చేతికి అదిమి పట్టింది.

ఆస్పత్రిలో కట్లు కట్టాక పోలీసు వచ్చాడు. తెలుగు తెలిసినవాడే. బాపయ్య మంచం దగ్గర నిలబడి ఎవరు చేశారని అడిగాడు. గోపాల్ ఎదురుగా బల్ల మీద ఉన్నాడు, చెంప ఇంకా కుట్టలేదు. అతను లేచి కూర్చున్నాడు. జైలుకు వెనకాడే మనిషి కాదు. ముఠా అంతా అక్కడే ఉంది. పోలీసు ముందు, కాగితం మీదికెక్కేలా బాపయ్య ఇప్పుడు ఆ పేరు చెప్పక తప్పదు. హాలీ అని అనక తప్పదు. గోపాల్ ముఖంలో మిగిలిన సగం దానికోసమే ఎదురుచూస్తోందని మాకందరికీ తెలుసు.

బాపయ్య తన కట్టు వైపు చూసుకున్నాడు.

"ఎవలు లేరు సాబ్. మిషన్ల చెయ్యి వడ్డది."

పోలీసు చీలిన చెంప వైపు వేలు చూపి, మరి ఈయన ఎవరని అడిగాడు.

"ఎవలో. నాకు ఎర్కలేదు."

గోపాల్ బల్ల దిగాడు. పోలీసు చెయ్యి పట్టుకుని, నేనే చేశాను, రాసుకో, నా పేరు రాసుకో అన్నాడు. అన్నాడని మాకు తెలుసు, ఎందుకంటే మేము అతన్ని ఎరుగుదుం. అప్పటికి నోరంతా వాచిపోయి, బయటికి వచ్చింది మాట కాదు. చెంపలోంచి గాలి పోయి, నాలుక పళ్ళకు ఆనక, హా అని ఒక ఊపిరి, ఆ తర్వాత తడి చప్పుడు. మళ్ళీ అన్నాడు. మళ్ళీ అదే. గుండె మీద గుద్దుకుంటూ, కట్టు మీంచి నెత్తురు చొక్కా మీద కారుతుండగా, ఆ ఒక్క మాటను పది విధాల చెప్పబోయాడు. పోలీసు చెవి దగ్గర పెట్టి విన్నాడు, తల అడ్డంగా ఊపాడు. మా వైపు తిరిగి ఏమంటున్నాడని అడిగాడు. ఎన్నడూ లేనిది, నేను కూడా పోశం వెనక్కి జరిగాను.

మంచం మీది నుంచి బాపయ్య చెప్పాడు.

"నొప్పికి ఏడుస్తుండు సాబ్. జల్ది కుట్లేయమనుండ్రి."